ఫుట్ పెడల్ తగిలించగానే డిస్‌ప్లేలో ఆంప్స్ 10కి పడిపోతోంది: ఏ అంకెను నమ్మాలి?

కొత్త_టార్చ్ (పోస్టు 1)

అన్నలందరికీ నమస్కారం. మిషన్ 200 ఆంప్స్ ఏసీ/డీసీ ఇన్వర్టర్ టిగ్ (టంగ్‌స్టన్ కడ్డీతో, ఆర్గాన్ గ్యాస్‌లో చేసే వెల్డింగ్), సింగిల్ ఫేజ్. పని 1.2 మి.మీ. మందం ఉన్న 304 ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) పైపు. టార్చ్ స్విచ్చుతో 45 ఆంప్స్ పెట్టుకుని చేస్తే ఏ ఇబ్బందీ లేదు. ఫుట్ పెడల్ తగిలిస్తేనే తికమక.

ప్లగ్ బిగించగానే డిస్‌ప్లే 45 నుంచి 10కి పడిపోతుంది. ముందు ప్యానెల్ నాబ్ ఎంత తిప్పినా అంకె కదలదు. పెడల్ పూర్తిగా తొక్కితే 200 చూపిస్తుంది. వెల్డింగ్ నడుస్తుండగా పక్కనున్నవాళ్లు చూసి చెబితే అంకె మళ్లీ ఇంకోలా ఉంటోంది. ఈలోపు పైపుకు కన్నాలు పడుతున్నాయి. పెడల్ పక్కన కూడా ఒక చిన్న నాబ్ ఉంది, దాని మీద 'మ్యాక్స్' అని తప్ప ఇంకేమీ రాయలేదు. మిషన్ తేడానా, నా వాడకం తేడానా?

టంగ్‌స్టన్_తాత (పోస్టు 2)

మిషన్‌లో తేడా ఏమీ కనబడటం లేదు. డిస్‌ప్లే ఒక్కటే, కానీ అది వేళను బట్టి మూడు వేరువేరు సంగతులు చెబుతుంది. అక్కడే అందరూ పొరబడతారు.

పెడల్ లేనప్పుడు, ఆర్క్ వెలగనప్పుడు కనబడేది మీరు నాబ్‌తో పెట్టిన అంకె. పెడల్ తగిలించి కాలు పెట్టకుండా ఉన్నప్పుడు కనబడేది పెడల్ ఆ క్షణంలో అడుగుతున్న అంకె. పెడల్ పూర్తిగా పైన ఉంది కాబట్టి మిషన్ తన కనీస కరెంటు 10 చూపిస్తోంది, అంతే. ఇక ఆర్క్ వెలిగాక కనబడేది అసలు పారుతున్న కరెంటు. లోపల అవుట్‌పుట్ దారి మీద ఒక హాల్ సెన్సర్ ఉంటుంది, అది కొలిచి చెబుతుంది. కొన్ని మిషన్లు ఆర్క్ ఆగిపోయాక చివరి కొలతను కొన్ని సెకన్లు పట్టి ఉంచుతాయి, తర్వాత మళ్లీ 10కి వస్తాయి. పక్కవాళ్లు చదివి చెప్పింది ఈ మూడింటిలో ఏదన్నది ముందు తేల్చుకోవాలి.

ఇక నాబ్ ఎందుకు పని చేయడం లేదంటే, పెడల్ విషయంలో మిషన్లు రెండు రకాలు. మొదటి రకంలో ప్యానెల్ నాబ్ పై హద్దు అవుతుంది: 80 పెడితే పెడల్ మొత్తం తొక్కినా 80 దాటదు. రెండో రకంలో పెడల్ పెట్టగానే ప్యానెల్ నాబ్‌ను పూర్తిగా పక్కన పెట్టేస్తుంది, పై హద్దు పెట్టే పని పెడల్ పక్కనున్న నాబ్‌ది. మీది రెండో రకం. పైపుకు కన్నాలు పడుతున్నది 45 పెట్టాననుకుని 200 వరకూ తెరిచి ఉన్న పెడల్ తొక్కుతున్నందుకే.

జీడిమెట్ల_షాప్ (పోస్టు 3)

తాతగారు చెప్పింది కరెక్ట్. పై హద్దు పెట్టే పద్ధతి ఇది.

మోడ్ 2టీలో (తొక్కితే ఆర్క్ వెలిగేది, వదిలితే ఆరేది), డీసీలో ఉంచండి. టార్చ్‌ని జాబ్‌కి (వెల్డు చేసే ముక్కకి), టేబుల్‌కి, ఎర్త్ క్లాంప్‌కి దూరంగా ఇన్సులేట్ అయిన హుక్‌కి తగిలించండి. పెడల్ అడుగు దాకా తొక్కి పట్టుకుని, పెడల్ పక్కన నాబ్ తిప్పుతూ డిస్‌ప్లే చూడండి. 60 వచ్చాక ఆపండి. కాలు తీసి మళ్లీ రెండుసార్లు తొక్కి అదే 60 వస్తోందో లేదో చూసుకోండి. 1.2 ఎస్ఎస్‌కి 60 చాలు, మీకు నిజంగా కావలసింది 35 నుంచి 50 మధ్యే.

కొత్త_టార్చ్ (పోస్టు 4)

తొక్కగానే గ్యాస్ వస్తుంది, హెచ్ఎఫ్ (ఆర్క్ వెలిగించే హై ఫ్రీక్వెన్సీ స్పార్క్) చిటచిటలాడుతుంది కదా అన్నా. అంతసేపు తొక్కి పట్టుకోవచ్చా?

జీడిమెట్ల_షాప్ (పోస్టు 5)

దగ్గర్లో ఏ లోహమూ లేకపోతే చాలా మిషన్లు కొన్ని సెకన్లు హెచ్ఎఫ్ కొట్టి ఆర్క్ దొరకక వాటంతట అవే మానేస్తాయి. కానీ ఆ అలవాటు మంచిది కాదు, టార్చ్ తలను ఎవరైనా పట్టుకుంటే షాక్ తగులుతుంది. లిఫ్ట్ ఆర్క్ మోడ్ (కొసను ముక్కకి తాకించి ఎత్తితే ఆర్క్ వెలిగేది) ఉంటే దానికి మార్చి పెట్టుకోండి, హెచ్ఎఫ్ ఉండదు. అయినా టంగ్‌స్టన్ కొసకి వోల్టేజీ ఉంటుంది, హుక్ మీద నుంచి తీయొద్దు. ఆర్గాన్ వృథా కాకుండా ఆ రెండు నిమిషాలు సిలిండర్ వాల్వ్ కట్టేయండి.

మీ పెడల్ వైరు చివర ఒకే ప్లగ్ ఉందా, రెండున్నాయా? కొన్నిటికి స్విచ్చుకి 2 పిన్నుల ప్లగ్ వేరు, ఆంప్స్‌కి 3 పిన్నుల ప్లగ్ వేరు ఉంటాయి. అలా ఉంటే పని సులువు: 2 పిన్నులది పీకేసి తొక్కండి. గ్యాస్ రాదు, హెచ్ఎఫ్ రాదు, డిస్‌ప్లే మాత్రం కదులుతుంది.

కొత్త_టార్చ్ (పోస్టు 6)

ఒకటే ప్లగ్, 5 పిన్నులు. లిఫ్ట్ మోడ్ ఉంది, అలాగే చేశాను. పై హద్దు 60కి వచ్చింది. కానీ వెల్డింగ్‌లో పూర్తిగా తొక్కి పట్టుకున్నా 34, 35 దాటడం లేదంటున్నారు. 60 అడిగితే 35 ఇవ్వడమేంటి?

దమ్మామ్_పైపు (పోస్టు 7)

ప్యానెల్ మీద పల్స్ (కరెంటు ఎక్కువ, తక్కువల మధ్య మారుతుండే మోడ్) లైటు వెలుగుతోందేమో చూడండి తమ్ముడూ.

కొత్త_టార్చ్ (పోస్టు 8)

వెలుగుతోంది! టార్చ్ స్విచ్చుతో చేసేటప్పుడు ఎప్పుడో నొక్కి వదిలేసినట్టున్నాను. బేస్ 30 శాతం, ఆన్ టైమ్ 40 శాతం, 2 హెర్ట్జ్ అని ఉంది.

దమ్మామ్_పైపు (పోస్టు 9)

లెక్క కుదిరింది. పల్స్‌లో పెడల్ కదిపేది పీక్ కరెంటును. పీక్ 60, అది 40 శాతం సేపు ఉంటుంది. మిగతా 60 శాతం సేపు బేస్, అంటే పీక్‌లో 30 శాతం, 18. సగటు 60 × 0.4 + 18 × 0.6 = 24 + 10.8, అంటే 34.8. మీ డిస్‌ప్లే ఆర్క్ వెలిగాక సగటు చూపిస్తోందన్నమాట. కొన్ని మిషన్లు పీక్ చూపిస్తాయి. నెమ్మది పల్స్‌లో కొన్నిట్లో అంకె పైకీ కిందికీ ఊగుతుంది. పల్స్ తీసేసి చూస్తే మీది ఏమిటో తేలిపోతుంది.

పెడల్ నేర్చుకునేటప్పుడు పల్స్ వద్దు. కాలు ఒక లయలో, మిషన్ ఇంకో లయలో పోతే పూల్ (కరిగిన లోహపు మడుగు) ఎందుకు పెరిగిందో, ఎందుకు తగ్గిందో ఎప్పటికీ అర్థం కాదు. అలాగే అప్‌స్లోప్, డౌన్‌స్లోప్ (మిషన్ తనంతట కరెంటు ఎక్కించే, దించే సమయాలు) రెండూ 0. ఎక్కించేది, దించేది మీ కాలే. డౌన్‌స్లోప్ 3 సెకన్లు ఉండిపోతే పెడల్ వదిలాక కూడా ఆర్క్ 3 సెకన్లు నడుస్తుంది, ఈలోపు మీరు టార్చ్ తీసేస్తారు.

టంగ్‌స్టన్_తాత (పోస్టు 10)

4టీ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పెడల్‌కి 2టీ మాత్రమే. 4టీలో పెట్టి పెడల్ తొక్కితే మొదటి తొక్కుడుకి స్టార్ట్ కరెంటు వస్తుంది, కాలు తీస్తే అసలు కరెంటుకి ఎక్కుతుంది. అంటే కాలు తీశాక ఆర్క్ ఆరకుండా ఇంకా మండుతుంది. పెడల్ పెట్టగానే కొన్ని మిషన్లు 4టీని వాటంతట అవే మూసేస్తాయి, చాలావాటికి ఆ తెలివి ఉండదు.

బెంచ్_వైస్ (పోస్టు 11)

పై హద్దు 60 అన్న సలహాతో నేను ఏకీభవించను. హద్దు 150లో వదిలేసి కాలు నేర్చుకోవాలి. లేకపోతే మూల దగ్గర, మందం మారిన చోట, ఫిట్‌మెంట్‌లో సందు ఉన్న చోట కరెంటు చాలక లేచి వెళ్లి నాబ్ తిప్పాల్సి వస్తుంది. పెడల్ కొన్నదే లేవకుండా పని చేయడానికి.

జీడిమెట్ల_షాప్ (పోస్టు 12)

మందపు ప్లేటు మీద అయితే మీ మాటే సరి. 1.2 మీద కాదు. లెక్క చూడండి: పెడల్ పైనుంచి కిందికి 25 డిగ్రీలు తిరుగుతుందనుకుందాం. హద్దు 200 అయితే 190 ఆంప్స్ ఆ 25 డిగ్రీల్లో ఇమడాలి, డిగ్రీకి 7.6 ఆంప్స్. బూటు లోపల బొటనవేలు కదిలితే చాలు 45 కాస్తా 60 అవుతుంది. హద్దు 60 అయితే డిగ్రీకి 2 ఆంప్స్. ఒకటిన్నర మి.మీ. లోపు షీటుకి కావలసిన కరెంటు మీద పాతిక శాతం ఎక్కువ పెట్టుకుంటే కాలుకి నిలకడ, పైన కాస్త నిల్వ రెండూ ఉంటాయి.

బెంచ్_వైస్ (పోస్టు 13)

సరే, పలచటి షీటుకి ఒప్పుకుంటాను. 3 మి.మీ. దాటాక మాత్రం హద్దు బిగించొద్దు. అల్యూమినియంకి అసలే వద్దు. చల్లటి జాబ్ మీద మొదట్లో ఎక్కువ కావాలి, వేడెక్కాక అదే కరెంటు కన్నం పెడుతుంది.

కొత్త_టార్చ్ (పోస్టు 14)

ఏ మందానికి ఎంత అన్నది ఒక గుర్తుగా చెబుతారా?

టంగ్‌స్టన్_తాత (పోస్టు 15)

ఎంఎస్‌కి (మైల్డ్ స్టీల్) మి.మీ. మందానికి సుమారు 40 ఆంప్స్. ఎస్ఎస్‌కి అంతకన్నా తక్కువ, 30 నుంచి 35, ఎందుకంటే అది వేడిని తొందరగా లోపలికి పోనివ్వదు, పూల్ దగ్గరే నిలుస్తుంది. అల్యూమినియం ఏసీలో 40 నుంచి 50. ఇవి సుమారు 3, 4 మి.మీ. వరకే పనికొచ్చే లెక్కలు. టీ జాయింటుకి వేడి మూడు దారుల్లో పోతుంది కాబట్టి పెంచాలి, అంచు జాయింటుకి తగ్గించాలి.

మీ 1.2 మి.మీ.కి బట్ జాయింట్ 35 నుంచి 45. 1.6 మి.మీ. టంగ్‌స్టన్, 6 లేక 7 నంబర్ కప్పు (టార్చ్ కొసన గ్యాస్ వదిలే మూతి), ఆర్గాన్ నిమిషానికి 6 నుంచి 8 లీటర్లు, 308ఎల్ ఫిల్లర్ (కరిగించి కలిపే తీగ) 1.6 మి.మీ. వెల్డు పక్కన రంగు బంగారు, గడ్డి రంగు వరకూ పరవాలేదు. బూడిద రంగు వచ్చిందంటే ఆంప్స్ ఎక్కువ, లేదా కాలు దించి నెమ్మదిగా నడిచారు, లేదా గ్యాస్ చాలలేదు. డిస్‌ప్లే కన్నా ముందు ఆ రంగును చదవండి.

వైజాగ్_ఫిట్టర్ (పోస్టు 16)

ఇదే చర్చలో నాదొక ప్రశ్న. పెడల్ నెమ్మదిగా తొక్కుతుంటే డిస్‌ప్లే 10, 30, 55 వరకూ బాగానే ఎక్కి, మధ్యలో ఒక్కసారి 120కి దూకి మళ్లీ 70కి పడుతుంది. అడుగు దాకా తొక్కినా 148 దగ్గరే ఆగిపోతుంది, 200 రాదు. మ్యాక్స్ నాబ్ పూర్తిగా తిప్పే ఉంది. టార్చ్ స్విచ్చుతో ప్యానెల్ నాబ్ మీద అయితే 200 వస్తోంది.

మల్టీమీటర్_మావ (పోస్టు 17)

ప్యానెల్ నాబ్‌తో 200 వస్తోందంటే మిషన్ బాగుంది, రోగం పెడల్‌లోనే. రెండు వేరువేరు రోగాలు కలిసి ఉన్నాయి.

పెడల్ విప్పితే లోపల ఉండేది చాలా తక్కువ: ఒక మైక్రో స్విచ్, ఒక పాట్ (రేడియో రిపేరు వాళ్లు వాల్యూమ్ కంట్రోల్ అంటారు), దాని ఇరుసు మీద చిన్న పళ్ల చక్రం, పెడల్ పలకకి బిగించిన పళ్ల పట్టీ. మీరు తొక్కితే పట్టీ దిగి చక్రం తిరుగుతుంది. కొన్నిట్లో పళ్లకి బదులు తీగ, స్ప్రింగు ఉంటాయి.

మిషన్ ఆపి, ప్లగ్ పీకి, ప్లగ్ దగ్గరే కొలవండి. మీటరు 20 కిలో ఓమ్స్ రేంజిలో పెట్టండి. 5 పిన్నుల్లో రెండు మైక్రో స్విచ్చువి: పెడల్ పైన ఉంటే కంటిన్యుటీ ఉండదు, కొద్దిగా తొక్కగానే టిక్‌మని బీప్ వస్తుంది. మిగతా మూడు పాట్‌వి. వాటిలో ఏ రెండింటి మధ్య అంకె తొక్కినా మారదో అవి రెండు చివరలు. మిగిలింది నడిమి కాలు (పాట్‌లో కదిలే కాంటాక్టుకి వెళ్లే పిన్ను). రెండు చివరల మధ్య 10 కిలో ఓమ్స్‌కి అటూ ఇటూగా రావాలి. కొన్ని మిషన్లకి 47 కిలో ఓమ్స్ పాట్ కూడా వస్తుంది. మ్యాక్స్ నాబ్ పూర్తిగా తిప్పి ఉండాలి, లేకపోతే ఆ రెండో పాట్ విలువ కూడా మధ్యలో కలిసి లెక్క తప్పుతుంది.

తర్వాత నడిమి కాలికీ, కింది చివరకీ (పెడల్ పైన ఉన్నప్పుడు 0 వచ్చే చివర) మధ్య పెట్టి పైనుంచి కిందికి పది సెకన్లు తీసుకుని తొక్కండి. కొలతలు ఇక్కడ రాయండి.

వైజాగ్_ఫిట్టర్ (పోస్టు 18)

చివరల మధ్య 9.8. నడిమి కాలు, కింది చివర మధ్య పైన ఉన్నప్పుడు 0, అడుగున 7.1. మధ్యలో 3 దగ్గర మీటరు ఒక్క క్షణం '1' చూపించి వదిలేస్తోంది.

మల్టీమీటర్_మావ (పోస్టు 19)

'1' అంటే ఓపెన్. పాట్ లోపల కార్బన్ పట్టీ అరిగిపోయి ఆ చోట నడిమి కాలు గాల్లో తేలుతోంది. ఒకే మందం పని రోజూ చేసే షాపుల్లో కాలు రోజంతా ఒకే చోట ఆడుతుంది, పట్టీ అక్కడే అరుగుతుంది. కాంటాక్ట్ క్లీనర్ కొడితే కొన్నాళ్లు నడవచ్చు, కానీ అరిగిన కార్బన్ తిరిగి రాదు. మార్చేయండి.

అడుగున 7.1 రావడం రెండో రోగం. 7.1 ÷ 9.8 = 0.724. మీ మిషన్ 10 నుంచి 200 దాకా అంటే 190 × 0.724 + 10, దాదాపు 148. డిస్‌ప్లే అబద్ధం చెప్పడం లేదు, పాట్ చివరిదాకా తిరగడం లేదు. పళ్ల పట్టీ మీద చక్రం ఒకటి రెండు పళ్లు జారింది, లేదా చక్రం గ్రబ్ స్క్రూ వదులై ఇరుసు మీద తిరుగుతోంది.

కొత్త పాట్ కొనేటప్పుడు వెనక రాసింది చూడండి. 'బీ10కే' అని ఉండాలి. 'బీ' అంటే తిప్పినంత మేర సమానంగా పెరిగేది. 'ఏ10కే' ఆడియో వాల్యూమ్‌కి వాడేది, అది పెడితే పెడల్ సగం దాకా ఏమీ జరగదు, చివర్లో ఒక్కసారి ఎగిరిపడుతుంది. ఇరుసు వ్యాసం, పొడవు పాతదానితో పోల్చుకోండి. బిగించేటప్పుడు పెడల్ పూర్తిగా పైన ఉంచి, ఇరుసును కింది చివర దాకా తిప్పి, వెంట్రుకవాసి ముందుకు తెచ్చి గ్రబ్ స్క్రూ బిగించండి. తర్వాత అడుగు దాకా తొక్కి చూడండి. పెడల్ ఇంకా దిగుతుండగానే పాట్ చివరకి తగిలేస్తే పాట్ విరుగుతుంది, అప్పుడు కింద ఆగే రబ్బరు బుడ్డీ ఎత్తు పెంచాలి.

ఆస్టిన్_ఆర్క్ (పోస్టు 20)

వేరే కంపెనీ పెడల్ కొని ప్లగ్ మార్చుకునేవాళ్లకి ఒక మాట. అమెరికాలో ఎక్కువగా కనబడే మిల్లర్ 14 పిన్నుల సాకెట్‌లో ఏ, బీ పిన్నులు స్విచ్చువి. సీ పిన్ను నుంచి +10 వోల్టులు బయటకొస్తాయి, డీ కామన్, 'ఈ' పిన్ను నడిమి కాలు నుంచి 0 నుంచి 10 వోల్టులు తిరిగి లోపలికి తీసుకుంటుంది. ఏ, బీల మీద వేరే కంట్రోల్ వోల్టేజీ ఉంటుంది కాబట్టి అవి పొరపాటున కూడా సీ, డీ, ఈలకి తగలకూడదు. 5, 7, 9 పిన్నుల గుండ్రటి సాకెట్లలో మాత్రం తయారీదారుని బట్టి వరస మారుతుంది. సాకెట్ ఆకారం ఒకటే అని తగిలించేయొద్దు.

మల్టీమీటర్_మావ (పోస్టు 21)

దానికి నేనొకటి కలుపుతాను. పాట్ చివరలు రెండూ తారుమారైతే పెద్ద నష్టం లేదు: కాలు పైన ఉంటే 200, తొక్కితే తగ్గుతుంది. రెండు చివరి వైర్లు ఇటుదటు మారిస్తే సరిపోతుంది. అసలు ప్రమాదం నడిమి కాలు, చివర తారుమారైనప్పుడు. 10 వోల్టుల వైరు నడిమి కాలికి పడితే పెడల్ ఒక కొసకి చేరగానే ఆ 10 వోల్టులు నేరుగా కామన్‌కి షార్ట్ అవుతాయి. కంట్రోల్ కార్డు పోయేది అక్కడే. అందుకే ప్లగ్ పెట్టే ముందు మూడు కాళ్లూ మీటరుతో గుర్తించి రంగుదారం కట్టుకోండి.

విలువ తేడా గురించి: 10 కిలో ఓమ్స్ కోరే మిషన్‌కి 1 కిలో ఓమ్ పెడల్ పెడితే ఆ 10 వోల్టుల సప్లై మీద 10 రెట్ల కరెంటు బరువు పడుతుంది, 1 మిల్లీ ఆంప్ బదులు 10. కొన్ని కార్డులు మోస్తాయి, కొన్నిటిలో వోల్టేజీ కుంగి పూర్తిగా తొక్కినా పై హద్దు అందదు.

కొత్త_టార్చ్ (పోస్టు 22)

పల్స్ తీసేశాను, హద్దు 60. ఇప్పుడు వెల్డింగ్‌లో 38 నుంచి 46 మధ్య కనబడుతోందట, కన్నాలు ఆగాయి. ఇంకొక్కటి: పెడల్ కొద్దిగా తొక్కగానే టిక్‌మని హెచ్ఎఫ్ వస్తుంది కానీ ఆర్క్ పట్టదు, లేదా పట్టి పక్కలకి పరిగెడుతుంది. టంగ్‌స్టన్ 2.4 మి.మీ., గ్రే రంగు గుర్తుది.

టంగ్‌స్టన్_తాత (పోస్టు 23)

10 ఆంప్స్‌కి 2.4 టంగ్‌స్టన్ కొస వేడెక్కదు. ఎలక్ట్రాన్లు వదలాలంటే కొస ఎర్రబడాలి, అది జరగక ఆర్క్ చోటు వెతుక్కుంటూ తిరుగుతుంది. 1.6కి మారండి. అరగదీసేటప్పుడు గీతలు పొడవునా ఉండాలి, చుట్టూ రింగుల్లా కాదు, చెక్కిన కొస పొడవు వ్యాసానికి రెండు రెండున్నర రెట్లు. 1.6 లేకపోతే 2.4నే పొడవుగా, సన్నగా చెక్కి, మొదలుపెట్టేటప్పుడు టిక్ దగ్గర ఆగకుండా 20, 25 దాకా తొక్కి, ఆర్క్ నిలబడ్డాక వెనక్కి తీసుకోండి. మెనూలో స్టార్ట్ ఆంప్స్ ఉంటే అది 20కి పెంచుకోవచ్చు. రెడ్ టంగ్‌స్టన్ వాడేవాళ్లు జాగ్రత్త, థోరియం దుమ్ము ఊపిరిలోకి పోకూడదు.

దూరం కూడా చూసుకోండి. పలచటి షీటుకి టంగ్‌స్టన్ కొస జాబ్‌కి ఒకటిన్నర, రెండు మి.మీ. మించొద్దు.

బెంచ్_వైస్ (పోస్టు 24)

ఇంకో కారణం: మైక్రో స్విచ్ లీవరు. స్విచ్చు మరీ పైనే పట్టుకుంటే బూటు బరువుకే ఆర్క్ వెలుగుతుంది. మరీ కిందకి ఉంటే వెల్డు చివర కరెంటు తగ్గిస్తుండగానే 25 దగ్గర టక్కున ఆరిపోతుంది, మళ్లీ తొక్కితే హెచ్ఎఫ్ కొట్టి కొత్తగా వెలుగుతుంది, క్రేటర్ (వెల్డు చివరి గుంట) అలాగే మిగులుతుంది. లీవరుని ప్లయర్‌తో కొద్దిగా వంచితే చాలు. డిస్‌ప్లే చూస్తూ మెల్లిగా కాలు తీయండి, 10, 12 చూపించే దాకా స్విచ్చు వదలకూడదు.

దమ్మామ్_పైపు (పోస్టు 25)

చివర కాలు తీసే తీరే వెల్డుని నిలబెట్టేది. 40లో నడుస్తుంటే చివర ఫిల్లర్ ఒక చుక్క ఇచ్చి, రెండు మూడు సెకన్లలో 40, 25, 15 అని దించి, టిక్ వినబడేదాకా వదిలి, టార్చ్ మాత్రం కదపకుండా పోస్ట్‌ఫ్లో (ఆర్క్ ఆరాక కూడా వచ్చే గ్యాస్) ఆగేవరకూ అక్కడే పట్టుకోండి. పోస్ట్‌ఫ్లో 10 ఆంప్స్‌కి 1 సెకను అన్నది వాడుక లెక్క, 40కి 4 వస్తుంది, ఎస్ఎస్‌కి నేను 6 లోపు పెట్టనివ్వను. కాలు ఒక్కసారి ఎత్తేస్తే క్రేటర్ మధ్యలో సూదిమొనంత గుంట, దాని నుంచి నక్షత్రం ఆకారంలో పగుళ్లు.

కాలు మడమ నేల మీద ఆనాలి, ముందు పాదం మాత్రమే పెడల్ మీద. మడమ గాల్లో ఉంటే తొడ బరువంతా పెడల్ మీదే, నిలకడ ఉండదు. పెడల్ కింద పాత రబ్బరు మ్యాటు ముక్క వేయండి, జారదు. సాధనకి ఒక పద్ధతి: ఎంఎస్ ముక్క మీద ఆర్క్ వెలిగించి, డిస్‌ప్లే చదివే మనిషిని పెట్టుకుని '40', '60', '40' అని చెప్పించుకుంటూ ఒక్కో అంకెను ఐదేసి సెకన్లు పట్టండి. హెల్మెట్‌లోంచి అంకె మీకు కనబడదు, పూల్ వెడల్పును చూసి అంకె ఊహించడం అలా వస్తుంది.

ఆటోనగర్_అల్యూమినియం (పోస్టు 26)

ఏసీ గురించి ఎవరూ రాయలేదు. 3 మి.మీ. అల్యూమినియంకి హద్దు 150. మొదట పూర్తిగా తొక్కి పూల్ అద్దంలా మెరిసేదాకా ఆగండి, చల్లటి ముక్క మీద రెండు మూడు సెకన్లు పడుతుంది. మెరవగానే ఫిల్లర్. 50 మి.మీ. నడిచేసరికి 125కి, చివరి అంచు దగ్గర 90, 80కి దించాలి. అంచు దగ్గర వేడి పోవడానికి చోటుండదు. టంగ్‌స్టన్ 2.4, బ్యాలెన్స్ (ఏసీలో నెగటివ్, పాజిటివ్ వైపుల వాటా) నెగటివ్ వైపు 70 శాతం దగ్గర. కొస గుండుగా ఉబ్బి వణుకుతోందంటే ఆ టంగ్‌స్టన్‌కి ఆంప్స్ ఎక్కువ, లేదా పాజిటివ్ వైపు బ్యాలెన్స్ ఎక్కువ.

కొత్త_టార్చ్ (పోస్టు 27)

డిస్‌ప్లే చూపించే కరెంటు నిజమో కాదో బయటి మీటరుతో చూడొచ్చా? షాపులో క్లాంప్ మీటరు ఉంది.

మల్టీమీటర్_మావ (పోస్టు 28)

ముందు అది డీసీ కొలుస్తుందా చూడండి. ఇంటి వైరింగ్ వాళ్ల దగ్గరుండే మామూలు క్లాంప్ ఏసీకే, డీసీ వెల్డింగ్ కేబుల్ చుట్టూ పెడితే 0 లేదా పిచ్చి అంకె చూపిస్తుంది. డీసీ గుర్తున్న క్లాంప్ అయితే ముందు జీరో బటన్ నొక్కి, ఎర్త్ కేబుల్ చుట్టూ పెట్టండి, టార్చ్ వైపు వద్దు. లిఫ్ట్ మోడ్‌లోనే చేయండి, హెచ్ఎఫ్ మీటర్లని చంపుతుంది. పల్స్ ఆపి, 50, 100, 150 దగ్గర పోల్చండి. ఏసీలో కొలవాలంటే ట్రూ ఆర్ఎంఎస్ (ఏ ఆకారపు అలనైనా సరిగ్గా కొలిచేది) ఉన్నదే పనికొస్తుంది, వెల్డింగ్ అల చతురస్రాకారం కాబట్టి.

డిస్‌ప్లే, క్లాంప్ రెండూ ఒకటే చెబుతూ, పెడల్ అడిగిన దానికన్నా తక్కువగా ఉంటే, అది కూడా పెద్ద ఆంప్స్ దగ్గరే అయితే, ఇన్‌పుట్ సప్లై వోల్టేజీ చూడండి. టిగ్‌లో 200 ఆంప్స్ దగ్గర ఆర్క్ వోల్టేజీ 18 అనుకుంటే 3.6 కిలోవాట్లు. మిషన్ నష్టాలు, పవర్ ఫ్యాక్టర్ కలిపితే 230 వోల్టుల దగ్గర 25 ఆంప్స్ పైన లాగుతుంది. 1.5 చదరపు మి.మీ. వైరుతో 30 మీటర్ల ఎక్స్‌టెన్షన్ వేస్తే రానూపోనూ 60 మీటర్ల రాగి, 0.7 ఓమ్స్ పైన. అందులోనే 18, 19 వోల్టులు పోతాయి. అసలే లైనులో 200 వోల్టులే ఉన్న సాయంత్రం పూట మిషన్‌కి అందేది 181. 4 చదరపు మి.మీ. వైరు వేయండి.

శ్రీకాకుళం_స్పార్క్ (పోస్టు 29)

హెచ్ఎఫ్ కొట్టినప్పుడల్లా డిస్‌ప్లేలో 888 వచ్చి పోతోంది. పెడల్ లేనప్పుడు రాదు.

ఆస్టిన్_ఆర్క్ (పోస్టు 30)

పెడల్ వైరు టార్చ్ కేబుల్‌తో కలిపి చుట్టి ఉందా? రెండిటినీ కనీసం అర మీటరు ఎడం చేయండి, అడ్డంగా దాటితే పరవాలేదు, పక్కపక్కన పోకూడదు. మిగులు వైరుని చుట్టలుగా చుట్టి మిషన్ మీద పెట్టకండి. ప్లగ్ దగ్గర ఫెరైట్ రింగులో వైరుని మూడు నాలుగు చుట్లు తిప్పండి. ఎర్త్ క్లాంప్ తుప్పు మీద పట్టి ఉంటే హెచ్ఎఫ్ దారి వెతుక్కుంటూ పెడల్ వైరులోకి వస్తుంది, మెరిసేలా గీకి పెట్టండి.

జీడిమెట్ల_షాప్ (పోస్టు 31)

పెడల్ మోజులో ఒక్కటి మరిచిపోవద్దు, ఇది బల్ల పని సామాను. మెట్ల మీద రెయిలింగ్ బిగించే చోట నిచ్చెన మీద నిలబడి పెడల్ ఎక్కడ పెడతారు? అక్కడ 4టీ, స్టార్ట్ 20, అసలు 45, డౌన్‌స్లోప్ 2 సెకన్లు. పెడల్ పీకేయగానే ప్యానెల్ నాబ్‌కి మళ్లీ పెత్తనం వస్తుంది, పాత అంకె ఎంతుందో చూసుకున్నాకే ఆర్క్ వెలిగించండి.

వైజాగ్_ఫిట్టర్ (పోస్టు 32)

మావగారూ, బీ10కే దొరికింది, మార్చాను. అడుగున 9.6 వస్తోంది. డిస్‌ప్లే 10 నుంచి 196 దాకా ఎక్కడా తడబడకుండా ఎక్కుతోంది. ఆ మిగిలిన 4 ఆంప్స్ కోసం గ్రబ్ స్క్రూ మళ్లీ విప్పాలా?

మల్టీమీటర్_మావ (పోస్టు 33)

విప్పొద్దు. చివర ఆ కాస్త ఖాళీ ఉంటేనే పాట్ బతుకుతుంది. గ్రబ్ స్క్రూ తల మీద ఒక చుక్క నెయిల్ పాలిష్ వేసి మూత బిగించేయండి.